గోమార్లలో మగా ఆడా, క్రోమోజోములు, గుడ్ల సంగతి – తెలిసినవాళ్ళు చెప్పండి

పాడి_ప్రకాశం:
అందరికీ నమస్తే. మా దగ్గర ఒంగోలు ఆవులు, జెర్సీ క్రాస్ ఆవులు రెండూ ఉన్నాయి. వానలు మొదలయ్యాక క్రాస్ ఆవులకి గంగడోలు కింద, పొదుగు చుట్టూ, తోక మొదట్లో గోమార్లు గుత్తులు గుత్తులుగా పట్టేస్తున్నాయి, అదే కొట్టంలో పక్కనే కట్టిన ఒంగోలు ఆవులకి మాత్రం అంతగా పట్టట్లేదు. నిన్న బాగా ఉబ్బబోతున్న గోమారిని ఒకదాన్ని పీకి తిరగేసి చూస్తే దాని పొట్టకి ఇంకో చిన్నది కరుచుకుని ఉంది, గోధుమ రంగులో, చదునుగా. మా నాన్న అది దాని పిల్ల అంటారు, పాలు పితికే అతను కాదు అది మగది అంటాడు. ఏది నిజం? ఇంకోటి, మందు కొట్టిన వారం బానే ఉంటుంది, మూడు వారాలు తిరిగేసరికి మళ్ళీ అంతే. అసలు ఇవి ఎట్లా పుట్టి ఎట్లా పెరుగుతాయో తెలిస్తే ఎక్కడ దెబ్బకొట్టాలో తెలుస్తుంది కదా అని అడుగుతున్నా.

పశువైద్యం_పెద్దాయన:
బాబూ, మీ పాలు పితికే అతను చెప్పిందే నిజం, అది మగది. గోమారి పిల్లల్ని కనదు, గుడ్లు పెడుతుంది, అదీ పశువు మీద కాదు, కింద రాలిపోయాక. మీరు చూసింది జత కట్టడం. మగది ఆడదాని వీపు మీదకి ఎక్కి, పక్కనుంచి దిగి పొట్ట కిందకి చేరుతుంది. అక్కడ తన నోటి భాగాలని ఆడదాని జననరంధ్రంలో పెట్టి వెడల్పు చేస్తుంది, తర్వాత తన రంధ్రం నుంచి వీర్యపు సంచిని బయటకి తీసి ఆ నోటితోనే అందులోకి నెడుతుంది. దీనికి వేరే అంగం అంటూ లేదు, అన్నీ నోటితోనే.

ఇక్కడ పాడి రైతు పట్టుకోవాల్సిన ముక్క ఒకటుంది. జత కట్టని ఆడ గోమారి పశువుకి ఎన్నాళ్ళు అంటుకుని ఉన్నా పూర్తిగా ఉబ్బదు. కొంచెం తాగి, మొదటి బరువుకి పదింతలో అంతో అయి అక్కడే ఆగిపోతుంది. మగది కలిశాకే అసలు తాగుడు మొదలవుతుంది, చివరి ఒక రోజు రాత్రీ పగలూ తాగి బరువు వందరెట్లదాకా పెరిగిపోతుంది. మీకు బూడిదరంగులో బొద్దుగా కనపడేవి అన్నీ ఆ చివరి రోజువే. అంతకుముందు రెండు వారాల పైనుంచీ అవి మీ ఆవు మీదే ఉన్నాయి, చిన్నవి కాబట్టి మీ కంటికి ఆనలేదు.

పాడి_ప్రకాశం:
డాక్టరుగారూ చాలా థాంక్సండీ. అయితే మగది కలిసిందని ఆడదానికి ఎట్లా తెలుస్తుంది, కడుపులో గుడ్లు తయారైతే ఆకలి పెరుగుతుందా?

జన్యుపాఠం:
నమస్తే, నేను జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, కణాలు క్రోమోజోముల పని, కాబట్టి ఈ ప్రశ్న నేను తీసుకుంటాను. గుడ్లవల్ల కాదండీ, వీర్యంతో పాటు వచ్చే ప్రొటీన్లవల్ల. ఆఫ్రికాలో పశువులకి పట్టే ఆంబ్లియోమా హీబ్రేయమ్ అనే గోమారిలో 2004లో వైస్, కాఫ్‌మన్ అనే ఇద్దరు ఈ పని చేసే రెండు ప్రొటీన్లని గుర్తించి వొరాక్సిన్ అని పేరుపెట్టారు. ఆ ప్రొటీన్లని తయారుచేసి కన్నె గోమార్లకి ఎక్కిస్తే మగది లేకుండానే అవి ఉబ్బాయి. అంటే మగది ఇచ్చేది వీర్యం ఒక్కటే కాదు, తాగు అనే కబురు కూడా.

ఇంకో విశేషం, గోమారి వీర్యకణానికి తోక ఉండదు. మగదాని ఒంట్లో అది పూర్తిగా తయారవ్వదు కూడా, సగం తయారైన స్థితిలో ఆడదాని ఒంట్లోకి పోయి అక్కడ లోపలిది బయటకి తిరగబడి పొడుగ్గా సాగుతుంది. మామూలు జంతువుల వీర్యకణాలతో పోలిస్తే చాలా పెద్దది, మైక్రోస్కోపులో మొదటిసారి చూసినవాళ్ళు అది వీర్యకణం అంటే నమ్మరు.

కరీంనగర్_బర్రెలు:
మంచిగ చెప్తున్నరు. మా దిక్కు బర్లకు పిడుదులు ఎక్కువ, కానీ మావి గడ్డిల కంటె గోడ సందులల్ల ఎక్కువ కనిపిస్తయ్. రాత్రి టార్చి కొట్టి చూస్తె రాళ్ళ మధ్యల గుడ్లు కుప్పలు కుప్పలు ఉంటయ్, మెరుస్తుంటయ్. ప్రకాశం అన్న చెప్పేది, మాది ఒకటే పురుగా వేరేనా?

పశువైద్యం_పెద్దాయన:
వేరు బాబూ. ప్రకాశం ఆయన చెప్పేది ఎక్కువగా రైపిసెఫాలస్ మైక్రోప్లస్, పాత పుస్తకాల్లో బూఫిలస్ అని రాసేవాళ్ళు. అది ఒకే పశువు మీద పిల్ల పురుగు నుంచి పెద్దదయ్యేదాకా ఉండి, దాదాపు 21 రోజులకి రాలుతుంది. అందుకే ఆయనకి మూడు వారాల లెక్క కనపడుతోంది, మందు కొట్టిన మర్నాడు గడ్డిలోంచి ఎక్కిన పిల్లలే మూడు వారాలకి పెద్దవై కనపడుతున్నాయి. మీది హయలొమ్మా అయ్యుండాలి, కాళ్ళ మీద చారలు ఉంటాయి చూడండి. అది జీవితంలో ఒకటికంటే ఎక్కువసార్లు పశువు మీదనుంచి దిగి ఎక్కుతుంది, దిగినప్పుడల్లా గోడ పగుళ్ళలో దాక్కుంటుంది. ఆ పగుళ్ళని మంటతో కాల్చి, సిమెంటుతో పూడ్చి, సున్నం కొడితే సగం పని అయినట్టే. గడ్డివాము, తడికెలు పక్కన లేకుండా చూసుకుని కాల్చండి.

గుడ్లు మెరవడం గురించి అన్నారు, అది పైనున్న మైనం పూత. ఆడ గోమారి తలకీ వీపు పలకకీ మధ్యనుంచి ఒక మెత్తటి భాగం బయటకి వస్తుంది, జెనే అవయవం అంటారు, ఇటలీ శాస్త్రవేత్త జెనే పేరు మీద. గుడ్డు బయటకి రాగానే గోమారి తల కిందకి వంచుతుంది, ఈ అవయవం ఆ గుడ్డుని అందుకుని చుట్టూ పూత పూసి వదులుతుంది. ఒక్కో గుడ్డుకీ అలాగే. మైక్రోప్లస్ అయితే రెండు మూడు వేల గుడ్లు, అన్నిటికీ పూత పూసి, ఒంట్లోని సారమంతా గుడ్లకి పోయి, తోలుతిత్తిలాగా ముడుచుకుని చచ్చిపోతుంది. తాగి రాలినప్పటి బరువులో సగం దాకా గుడ్లుగా మారిపోతుందంటే చూడండి. ఆ అవయవాన్ని దెబ్బతీసి చూస్తే గుడ్లు ఎండి ముడుచుకుపోయాయి, పొదగలేదు.

న్యూజెర్సీ_నుంచి:
అందరికీ హలో. ఇక్కడ మా పక్క కౌంటీలోనే 2017లో ఒక గొర్రె మీద వేల గోమార్లు దొరికాయి, హంటర్‌డన్ కౌంటీ. ఆసియానుంచి వచ్చిన పొడుగు కొమ్ముల గోమారి అని తేలింది, హీమాఫైసాలిస్ లాంగికార్నిస్. తర్వాత పాత శాంపిల్స్ తిరగేస్తే 2010లోనే వెస్ట్ వర్జీనియాలో జింక మీద దొరికిందని బయటపడింది, అప్పుడు ఎవరూ గుర్తుపట్టలేదు. ఇక్కడ వాటికి మగవి ఉండవు అంటున్నారు, ఒక్కటి వచ్చినా చాలు మంద అయిపోతుందట. పైన డాక్టరుగారు మగది కలవకపోతే ఉబ్బదు అన్నారు కదా, మరి ఇది ఎట్లా ఉబ్బుతోంది, ఎట్లా గుడ్లు పెడుతోంది? మా ఇంటి వెనకాల చెట్లు, జింకలు రోజూ వస్తాయి, పిల్లలు అక్కడే ఆడుకుంటారు, అందుకే అడుగుతున్నా.

జన్యుపాఠం:
అన్నా, మీ ప్రశ్న దగ్గరే క్రోమోజోములు వస్తాయి, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మనలో ఆడవాళ్ళకి ఎక్స్ ఎక్స్, మగవాళ్ళకి ఎక్స్ వై కదా. మన పశువుల మీద ఉండే గోమార్లలో ఎక్కువవాటికి వై అనేదే లేదు. మైక్రోప్లస్ ఆడదానికి 22 క్రోమోజోములు, మగదానికి 21. హయలొమ్మా అనటోలికమ్‌కీ అంతే, కుక్కలకి పట్టే రైపిసెఫాలస్ శాంగ్వినియస్‌కీ అంతే. ఆడదానికి రెండు ఎక్స్‌లు, మగదానికి ఒక్క ఎక్స్, దానికి జతగా ఇంకేమీ ఉండదు. దీన్ని ఎక్స్ ఓ పద్ధతి అంటాం.

ఇది స్లైడు మీద చాలా బాగా కనపడుతుంది. మగ గోమారి వృషణాలు తీసి, ఉప్పు తక్కువ ఉన్న ద్రావణంలో పెట్టి కణాలు ఉబ్బేలా చేసి, ఆల్కహాలు ఎసిటిక్ యాసిడ్ కలిపిన దాంట్లో ఫిక్స్ చేసి, గీమ్సా రంగు వేస్తాం. వీర్యకణాలు తయారయ్యే మొదటి విభజనలో 10 జంటలు పక్కపక్కనే కనపడతాయి, పదకొండోది ఒంటరిగా ఒక పక్కకి ఉంటుంది, అదే ఎక్స్. ఈ గుంపు గోమార్లలో సాధారణంగా అన్నిటికన్నా పొడుగు క్రోమోజోము కూడా అదే, కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా పట్టేస్తారు. విభజన అయ్యాక సగం వీర్యకణాలకి 11, సగానికి 10 వస్తాయి. 11 ఉన్నది గుడ్డుని కలిస్తే ఆడపిల్ల, 10 ఉన్నది కలిస్తే మగపిల్ల. అంటే పుట్టేది ఆడో మగో తేల్చేది ఇక్కడా తండ్రే.

ఇప్పుడు మీ న్యూజెర్సీ గోమారి. లాంగికార్నిస్‌లో రెండు రకాలు. మగా ఆడా ఉండే రకానికి పైన చెప్పినట్టే 22, 21. మగ లేకుండా బతికే రకానికి 30 నుంచి 35 దాకా, అంటే రెండు సెట్ల బదులు దాదాపు మూడు సెట్లు. 1973లో జేమ్స్ ఆలివర్ అనే అమెరికా శాస్త్రవేత్త జపాన్ సహోద్యోగులతో కలిసి జపాన్, కొరియా గోమార్లని పోల్చి ఈ తేడా చూపించారు. మూడు సెట్లు ఉంటే జతలు సరిగ్గా కుదరవు, కాబట్టి మామూలు పద్ధతిలో సగానికి సగం పంచడం కుదరదు. ఇది ఆ పంపకం లేకుండానే తల్లి క్రోమోజోములు ఉన్న గుడ్లు పెడుతుంది, పిల్లలన్నీ ఆడవే. ఉబ్బడానికి మగదాని కబురు కోసం కూడా ఆగదు, తనంతట తనే పూర్తిగా తాగి రాలిపోతుంది. ఒకే జాతి అనుకునే దాంట్లో ఇంత తేడా ఉండటం నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే.

అమెరికాకి వచ్చినవాటి తల్లివైపు డీఎన్ఏ చూస్తే కనీసం మూడు రకాలు దొరికాయి, అంటే ఒక్కసారి కాదు, విడివిడిగా కొన్నిసార్లు దిగుమతి అయ్యాయన్నమాట.

న్యూజెర్సీ_నుంచి:
ఇంత వివరంగా ఇక్కడి వెబ్‌సైట్లలో కూడా చూడలేదు తల్లీ. ఇంకో చిన్న డౌట్, ఇక్కడ లైమ్ జబ్బు తెచ్చే జింక గోమారి ఉంది కదా, దానికీ మగవి లేవా?

జన్యుపాఠం:
ఉన్నాయి. ఐక్సోడిస్ స్కాపులారిస్‌కి మగా ఆడా రెండిటికీ 28 క్రోమోజోములే, ఇందులో మగదానికి వై ఉంది. ఆ గుంపులో జత కట్టడానికి జంతువు మీదే ఉండాలని కూడా లేదు, కింద గడ్డిలోనే కలవగలవు. జన్యుపటం మొత్తం మొదట ప్రచురించింది కూడా ఈ గోమారిదే, 2016లో, సుమారు 210 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, మనిషి దాంట్లో మూడింట రెండు వంతులు. దాంట్లో దాదాపు 70 శాతం మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కలే, అందుకే చదవడం అంత కష్టమైంది.

కరీంనగర్_బర్రెలు:
అక్కా, ఒక మాట. దోమలల్ల మగవాటిని పనికిరాకుండ చేసి ఇడిసిపెడ్తరట గదా, పిడుదులల్ల గట్ల చెయ్యరాదా? ఆడది కలిసినా గుడ్లు పొదగవ్ కదా మరి.

పశువైద్యం_పెద్దాయన:
చేసి చూశారు బాబూ, అమెరికావాళ్ళు. వాళ్ళకి టెక్సాస్ జ్వరం అని పశువులకి పెద్ద బెడద ఉండేది, మన దగ్గర ఎర్రమూత్రం రోగం అంటామే అదే. 1893లో స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు అది గోమారి వల్ల వస్తుందని నిరూపించారు, పురుగు కుట్టి క్షీరదాలకి రోగం అంటించడం మొదటిసారి తేలింది అక్కడే. 1906లో నిర్మూలన మొదలుపెట్టి, రెండేసి వారాలకి పశువులని మందు తొట్టిలో ముంచి, 1943కల్లా మెక్సికో సరిహద్దు పట్టీ తప్ప మిగతా దేశమంతా శుభ్రం చేసేశారు. రెండు వారాలు ఎందుకో గమనించారా, 21 రోజుల్లోపు ఎప్పుడు ముంచినా ఆడది రాలేలోపే దొరికిపోతుంది.

మీరు అడిగిన మగవాటి సంగతి తర్వాత 1970లలో వచ్చింది. మైక్రోప్లస్‌నీ, దాని దగ్గర చుట్టం అన్యులేటస్‌నీ కలిపితే పుట్టిన సంకర మగవి గొడ్డువి, ఆడవి మాత్రం బానే గుడ్లు పెడతాయి, వాటి మగపిల్లలు మళ్ళీ గొడ్డువే. దీన్ని పొలాల్లో వాడదామని ప్రయత్నాలు జరిగాయి. కానీ దోమ మగది రక్తం తాగదు, గోమారి మగది తాగుతుంది. లక్షల్లో పెంచాలంటే వాటికి ఆవుల్ని మేపాలి, వదిలాక అవి మళ్ళీ మన ఆవులనే పట్టాలి. మన చిన్న రైతుల దగ్గర అది జరిగే పని కాదు.

జన్యుపాఠం:
డాక్టరుగారు చెప్పినదానికి ఒక చేర్పు. ఆ రెండు జాతులకీ క్రోమోజోముల సంఖ్య ఒక్కటే, 22, 21. అయినా సంకర మగవాటిలో వీర్యం తయారీ చెడిపోతుంది, కాబట్టి సంఖ్య ఒక్కటైతే చాలదు. సంకరంలో ఒక్కవైపే చెడితే అది ఎక్కువగా ఒంటరి ఎక్స్ ఉన్నవైపు, అంటే ఇక్కడ మగవైపు. 1922లో హాల్డేన్ చెప్పిన సూత్రం ఇది, జె.బి.ఎస్. హాల్డేన్, చివరి రోజుల్లో భారతదేశానికి వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆయనే. ఇదే పరీక్షతో ఆస్ట్రేలియా పశువుల గోమారి కూడా వేరే జాతి అని తేలింది, మిగతా దేశాల మైక్రోప్లస్‌తో కలిపితే మగపిల్లలు గొడ్డువి అయ్యాయి, 2012లో దానికి రైపిసెఫాలస్ ఆస్ట్రాలిస్ అని పాత పేరు మళ్ళీ ఇచ్చారు. కంటికి మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి.

నాటుకోడి_కడప:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. మా నాటుకోళ్ళకి రాత్రిపూట ఏవో పట్టి తెల్లారేసరికి కనపడవు, కోళ్ళు పాలిపోయి నీరసంగా ఉంటాండాయి. పగలు గూటి చెక్కల సందుల్లో చూస్తే చదునుగా, తోలు మాదిరి ఉండే పురుగులు. ఇవి కూడా గోమార్లేనా, వీటికి కూడా ఒక్కసారే గుడ్లా?

పశువైద్యం_పెద్దాయన:
గోమార్లే, ఆర్గాస్ పర్సికస్. వీటికి వీపు మీద గట్టి పలక ఉండదు, మెత్తవి. రోజుల తరబడి అంటుకుని ఉండవు, పెద్దవి రాత్రి అరగంటో గంటో తాగి దిగిపోతాయి. ఇవి తాగినప్పుడల్లా కొన్ని గుడ్లు పెట్టి మళ్ళీ తాగడానికి వస్తాయి, పెట్టగానే చావవు, తిండి లేకుండా నెలలకి నెలలు బతకగలవు కూడా. గూడు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచితే చస్తాయనుకోకండి. చెక్క గూడు తీసేసి ఇనుప గూడు పెట్టండి, లేదా పగుళ్ళన్నీ పూడ్చండి. కోళ్ళకి మందు కొట్టడం కంటే గూటికి కొట్టడం ముఖ్యం.

జన్యుపాఠం:
ఈ కోళ్ళ గోమారికి 26 క్రోమోజోములు, మగా ఆడా ఇద్దరికీ, ఎక్స్ వై పద్ధతి.

పాడి_ప్రకాశం:
ఎర్రమూత్రం అన్నారు కదా డాక్టరుగారూ, మాకు గతంలో ఒక క్రాస్ ఆవు దానితోనే పోయింది. ఆ గోమారి ఒకే ఆవు మీద పుట్టి పెరిగి రాలిపోతే రోగం రెండో ఆవుకి ఎట్లా అంటుతుంది? ఒక ఆవు మీదనుంచి ఇంకో ఆవు మీదకి పోదు కదా.

పశువైద్యం_పెద్దాయన:
చాలా మంచి ప్రశ్న, స్మిత్‌కి కూడా ఇదే చిక్కుముడి. జవాబు గుడ్డులో ఉంది. రోగం ఉన్న ఆవు రక్తం తాగిన ఆడ గోమారి ఒంట్లోంచి బబేసియా క్రిములు అండాశయంలోకి పోయి గుడ్లలో చేరతాయి. ఆ గుడ్లనుంచి వచ్చిన పిల్లలు రక్తం రుచి చూడకముందే రోగం మోస్తుంటాయి, కొత్త ఆవుని పట్టాక అంటిస్తాయి. కాబట్టి మీ కొట్టంలో రాలిన ఒక్క ఆడ గోమారి అంటే రెండు మూడు వేల గుడ్లు, వాటిలో రోగం కూడా ఉండొచ్చు. కరీంనగర్ ఆయన హయలొమ్మాది ఇంకో లెక్క. అది తెచ్చే థైలేరియా అనే రోగపు క్రిమి గుడ్లలోకి పోదు, చిన్న దశలో తాగింది పెద్ద దశలో వదులుతుంది. అక్కడ గోడలో దాక్కుని దశ మారేవాటిని చంపితే రోగం గొలుసు తెగుతుంది. థైలేరియాకి హైదరాబాద్‌లో తయారయ్యే టీకా ఉంది, క్రాస్ పశువులు ఉంటే మీ ఊరి పశువైద్యుణ్ణి అడగండి.

మీరు చెయ్యాల్సింది చెప్తాను. మైక్రోప్లస్ ఆడవి ఎక్కువగా తెల్లవారుజామున, పొద్దున పూట రాలతాయి. ఆస్ట్రేలియాలో గోమార్లు లెక్కపెట్టేవాళ్ళు సాయంత్రం పూట 4.5 నుంచి 8 మిల్లీమీటర్ల పొడుగు ఉన్న ఆడవాటినే లెక్కపెడతారు, ఎందుకంటే ఆ రాత్రి ఉబ్బి తెల్లారేసరికి రాలేవి అవే. మీరు కూడా సాయంత్రం పాలు పితికేటప్పుడు కంది గింజంత ఉన్నవాటిని చూసి, చేతికి గ్లవ్స్ వేసుకుని తీసి కిరసనాయిల్లో వెయ్యండి. వేళ్ళతో నలపొద్దు, ముఖ్యంగా కరీంనగర్ బాబు విను, హయలొమ్మా వల్ల మనుషులకి వచ్చే కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో ప్రాణాలు తీసింది. పొద్దున్నే కొట్టం ఊడ్చి చెత్త కాల్చెయ్యండి, రాలినది గుడ్లు మొదలుపెట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆలోపు దొరికితే చాలు. మందు మాత్రం మూడు వారాలు ఆగకుండా రెండో వారంలోనే మళ్ళీ, పశువులన్నిటికీ ఒకే రోజు, ఏ మందు ఎంత అనేది మీ డాక్టరు చేత రాయించుకుని. నీళ్ళు ఎక్కువ కలిపి పల్చగా కొట్టి కొట్టి డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివాటికి చాలాచోట్ల గోమార్లు లొంగకుండా అయిపోయాయి.

ఒంగోలు ఆవుల్ని మాత్రం వదులుకోకండి. మీ కళ్ళముందే తేడా చూస్తున్నారు. బ్రెజిల్‌వాళ్ళు మన ఒంగోలుని తీసుకుపోయి నెలోర్ పేరుతో కోట్లలో పెంచుకోవడానికి ఈ గోమార్లని తట్టుకునే ఒళ్ళు ఒక కారణం.

న్యూజెర్సీ_నుంచి:
డాక్టరుగారూ, మగది లేని నా గోమారికి ఈ సాయంత్రం లెక్క పనికొస్తుందా?

పశువైద్యం_పెద్దాయన:
పనికిరాదండీ. అది మూడు దశల్లో మూడు జంతువుల్ని పడుతుంది, ఎక్కువకాలం గడ్డిలోనే ఉంటుంది, ఏ ఒక్క ఆడది మిగిలినా మగదాన్ని వెతుక్కునే పని లేదు. మీరు గడ్డి పొట్టిగా కత్తిరించి, చెట్ల అంచుకీ పిల్లలు ఆడే చోటుకీ మధ్య చెక్కపొట్టు పట్టీ వెయ్యండి, లోపలికి రాగానే పిల్లల మోకాళ్ళ వెనక, నడుము దగ్గర, జుట్టులో చూడండి. కుక్క ఉంటే దానికీ.

కరీంనగర్_బర్రెలు:
పెద్దాయనా, రేపే గోడల పని పెడ్త. అక్కా, మా పిడుదులు నీకు స్లైడుకు పనికొస్తయా, పంపాల్నా?

జన్యుపాఠం:
తప్పకుండా పనికొస్తాయన్నా. మగవి, ఇంకా పూర్తిగా ఉబ్బని చిన్న దశవి కావాలి, వాటిలోనే కణాలు విభజన చెందుతూ దొరుకుతాయి, బాగా ఉబ్బిన ఆడవి స్లైడుకి పనికిరావు గానీ గుడ్లు పెట్టించడానికి ఒకటి రెండు వెయ్యండి. బతికున్నవే కావాలి, స్పిరిట్‌లో వేస్తే క్రోమోజోములు చూడలేం. ప్లాస్టిక్ డబ్బీలో కొంచెం తడిపిన దూది, మూతకి సన్నటి బట్ట కట్టి, దాన్ని ఇంకో డబ్బాలో పెట్టి టేపు వెయ్యండి. ఏ పశువు మీద, ఒంట్లో ఏ చోట, ఏ తారీఖున తీశారో చీటీ మీద రాయండి, పెన్సిల్‌తో, పెన్ను అయితే తడికి చెరిగిపోతుంది. పంపే ముందు నాకు మెసేజ్ పెట్టండి, కొరియర్‌లో వెయ్యొద్దు, మా వాళ్ళు అటువైపు వచ్చినప్పుడు తీసుకుంటారు.